ముందు చక్రాల లెక్క

కుంతలగూడ, పాడేరు మీదుగా
ఏప్రిల్ 9

బావా సింహాద్రీ,

ముందు నీ చెల్లెలి సంగతి చెప్పేస్తే గానీ నువ్వు మిగతా ఉత్తరం చదవవు. రోజా బాగుంది. ఈ కొండ మీద ఆరోగ్య కేంద్రంలో నర్సుగా చేరి ఏడాది నిండింది. సూది నొప్పి తెలియకుండా వేస్తుందని పై ఊళ్ళ పిల్లలు కూడా ఏడవకుండా చెయ్యి చాపుతారు. నన్ను మాత్రం నర్సమ్మగారి డ్రైవరు అంటారు. ఇరవై రెండేళ్ళు స్టీలు ప్లాంటు నుంచి పోర్టుకి ట్రైలరు మీద ఉక్కు చుట్టలు మోసి, ఒక్క గీత పడకుండా బండి అప్పగించి వచ్చినవాణ్ణి. అయినా ఆ పేరు నాకు బాగానే ఉంది.

ఫోను ఇక్కడ పలకదని నీకు తెలుసు. నాలుగు మైళ్ళు దిగి టవరు పట్టుకున్నా, నీ షెడ్డులో గ్రైండింగు మోతకి నా మాట నీ చెవిన పడదు. అందుకే బస్సు డ్రైవరు తిరుమలరావు చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. గోపాలపట్నంలో నీ షెడ్డు ముందు ఆగి ఇస్తానన్నాడు.

విషయం నా పికప్పు బండి గురించి. ఘాట్ రోడ్డు దాకా దానికి ఏ లోటూ లేదు. కుంతలగూడ దాటాక పై నాలుగు ఊళ్ళకి మూడు మైళ్ళ ఎర్రమట్టి దారి ఉంది. వాన పడితే అది దారి కాదు, జారుడుబండ. పోయిన శ్రావణంలో పై ఊరి ముసలాయనకి గుండె నొప్పి వచ్చిందని కబురొస్తే బయల్దేరాం. సగం దారిలో బండి దిగబడింది. వెనక రెండు చక్రాలూ పిచ్చెక్కినట్టు తిరుగుతుంటే ముందు రెండూ చుట్టాల్లా కూర్చున్నాయి. నేను టైరు కింద రాళ్ళు పెడుతుండగానే ఆయన్ని డోలీలో మోసుకుంటూ మా పక్కనుంచే దింపారు. రోజా నాడి చూసి నా వైపు తల అడ్డంగా ఊపింది. ఆ ఊపు నాకు ఇప్పటికీ కళ్ళముందే ఉంది.

ముందు చక్రాలకి కూడా పని చెప్పగలవా బావా? ఈ బండినే నాలుగు చక్రాల లాగుడుకి మార్చగలవా? నువ్వు కాదంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళను.

నీ బావ,
గవర్రాజు

అన్నయ్యా, ఈయన అడగడానికి మొహమాటపడి వారం రోజులు కాగితం చుట్టూ తిరిగారు. చేస్తానని రాయి. వదిన మోకాలు ఎలా ఉంది? — రోజా


గోపాలపట్నం
ఏప్రిల్ 15

బావా,

చేయగలవా అని అడుగుతావా నన్ను! గోపాలపట్నం నుంచి గాజువాక దాకా ఎవరినైనా అడుగు, సింహాద్రి చెయ్యి పడితే మేకకి కూడా గేర్లు పడతాయంటారు. ఇదివరకు రెండు బండ్లు మార్చాను. ఒకటి రొయ్యల చెరువుల దగ్గర తిరుగుతోంది, రెండోది జీడిమామిడి తోటల్లో. రెండూ ఏ రోజూ తిరిగి రాలేదు, తిట్టడానికి కూడా.

పని ఏమిటో చెబుతాను, రోజాకి కూడా చదివి వినిపించు. నీ బండికి ముందు వైపు ఉన్నది ఉత్త ఇరుసు, చక్రాల్ని మోస్తుంది తప్ప తిప్పదు. దాన్ని తీసేసి, లోపల గేర్లున్న ముందు యాక్సిల్ పెట్టాలి. ఇదే కంపెనీ నాలుగు చక్రాల బండి ఏదైనా తుక్కులో పడి ఉంటే దానిది సరిపోతుంది. గేరు బాక్సు వెనక ఇంకో పెట్టె బిగించాలి, ఇంజను బలాన్ని ముందుకీ వెనక్కీ పంచేది అదే. నీ చేతి దగ్గర ఒక చిన్న లివరు వస్తుంది. వెనక్కి ఉంటే రెండు చక్రాలు, ముందుకి తోస్తే నాలుగూ.

ఇందులో ఒకటే కిటుకు. ముందు యాక్సిల్ లెక్క, వెనక యాక్సిల్ లెక్క ఒకటే అయి ఉండాలి. మా గురువు శ్రీరామ్మూర్తి మేస్త్రి దీనికి ఒక పద్ధతి పెట్టాడు. బండిని లేపి, టైరు మీద సుద్దగీత, యాక్సిల్‌ని తిప్పే షాఫ్టు మీద సుద్దగీత. చక్రాల్ని పది చుట్లు తిప్పాలి, షాఫ్టు ఎన్ని చుట్లు తిరిగిందో పైకి అరిచి లెక్కపెట్టాలి, పక్కన ఒకడు సాక్షి ఉండాలి. ముందూ వెనకా ఒకే అంకె వస్తే బండి నీది. రాకపోతే ఒక కాడికి కట్టిన రెండెడ్లలో ఒకటి నడుస్తుంటే ఒకటి పరుగెత్తినట్టే. "పది సుట్లకి తక్కువ లెక్కెట్టినోడు నా సెడ్డులో ఉండకూడదు" అనేవాడు మేస్త్రి. రెంచి తీసుకుని కొట్టేవాడు కూడా.

బండి దింపు. కాగితాల సంగతీ నేనే చూసుకుంటాను. వాళ్ళ వదిన మోకాలు బాగానే ఉందని రోజాకి చెప్పు, నన్ను తిట్టడానికి లేచి నిలబడుతోంది.

సింహాద్రి


కుంతలగూడ
మే 26

బావా,

బండి నీ షెడ్డులో వదిలి వచ్చి పది రోజులైంది. కాళ్ళు చేతులు కట్టేసినట్టుంది. టీకాల పెట్టె నెత్తి మీద పెట్టుకుని నేనూ రోజా పై ఊళ్ళకి నడుస్తున్నాం. ఎండ మండిపోతోంది కానీ సాయంత్రం పడమట మబ్బు పడుతోంది. పై ఊళ్ళవాళ్ళు రోజూ అడుగుతున్నారు, "నర్సమ్మా, బండి ఎప్పుడొత్తాది?" అని. వానలు గట్టిపడే లోపు అని చెప్పాను. నీ మాట మీదే చెప్పాను.

తొందరపెడుతున్నానని అనుకోకు. ఆ ముసలాయన కొడుకు నిన్న కొత్త డోలీకి వెదురు కోసుకుని పోతూ కనబడ్డాడు. అందుకని రాస్తున్నాను.

గవర్రాజు

అన్నయ్యా, పని నిదానంగానే చెయ్యి, నడవడం నాకు అలవాటైంది. ఈయనకే అవలేదు. — రోజా


గోపాలపట్నం
జూన్ 17

బావా,

నీ ఉత్తరం అందింది, జవాబు ఆలస్యమైంది. తిట్టుకో. పని నేననుకున్నంత సాఫీగా జరగలేదు. కంచరపాలెం తుక్కు కొట్లో మొదట దొరికిన యాక్సిల్ చక్కగా కుదిరింది, లెక్క కూడా కలిసింది. కడిగి చూస్తే గొట్టానికి వెంట్రుకంత పగులు. దాన్ని నీ బండికి పెట్టలేను, అందులో నా చెల్లెలు కూర్చుంటుంది. మళ్ళీ వెతుకులాట. ఆటోనగర్లో మొన్న ఇంకొకటి దొరికింది, నిన్న రాత్రికి షెడ్డుకి చేరింది. ఇప్పుడు బిగింపు నడుస్తోంది.

ఇక్కడ మా ఆవిడ తాయారు నా పీక మీద కూర్చుంది. ఇరవై ఆరో తారీకు నుంచి ఆషాఢమట. "ఆసాడంలో కొత్త బండి బయిటికి తీత్తారేటి ఎవులైనా? నెల్లాళ్ళు ఆపుతావా, ఇరవై మూడుకి ఇచ్చేత్తావా?" అని. నెలంతా ఆపితే సగం వానాకాలం పోతుంది. కాబట్టి ఇరవై మూడో తారీకు, పదింపావుకి ముహూర్తం పెట్టించాం. సంపత్ వినాయకుడి గుడి దగ్గర పూజ, అటునుంచి అటే నువ్వు బండెక్కి వెళ్ళిపోవడం. పూర్ణా మార్కెట్టులో దండలు, గుమ్మడికాయ తాయారు తెస్తానంది. నిమ్మకాయలు మాత్రం మీ కొండవి తే, అవి పెద్దవి.

సింహాద్రి


కుంతలగూడ
జూలై 6

బావా,

నీకు కృతజ్ఞతలు చెబితే తంతావు కాబట్టి జరిగింది రాస్తాను.

మొన్న గురువారం రెండు రోజుల ముసురు తర్వాత పై ఊరికి బయల్దేరాను. పోయినేడు దిగబడిన చోట ఆగి, లివరు ముందుకి తోశాను. బండి ఒకసారి గొంతు సవరించుకుని, మెల్లగా, ఎవరో చెయ్యి పట్టి నడిపించినట్టు ఎక్కింది. బావా, నేను ట్రైలరు మీద ముప్పై టన్నులు లాగినప్పుడు కూడా ఇంత సంతోషపడలేదు. పై ఊళ్ళో ఆడవాళ్ళు బండికి పసుపు రాశారు. జ్వరం పిల్లలు ఇద్దర్ని అదే రోజు దింపాను. ఇప్పుడు బాగున్నారు.

ఒకటి అడగాలి. బురదలో ఏ బాధా లేదు. కానీ నాలుగూ వేసి సిమెంటు రోడ్డెక్కితే స్టీరింగు బిగుసుకుంటోంది. మలుపులో తిప్పితే తిరగనంటుంది, టైర్లు కీచుమంటాయి. లివరు వెనక్కి లాగితే కింద ఠంగుమని దెబ్బ వినిపించి, అప్పుడు వదులవుతుంది. ఇది మామూలేనా? నాకు ఇలాంటి బండి కొత్త, అందుకని అడుగుతున్నాను.

గవర్రాజు

అన్నయ్యా, నాకు నడక తప్పింది. ఈ వానాకాలం డోలీ ఇంతవరకూ రాలేదు. నీ చేతికి దణ్ణం. — రోజా


గోపాలపట్నం
జూలై 13

బావా,

నీ ఉత్తరం తాయారుకి చదివి వినిపించాను. పసుపు రాశారన్న చోట ఆవిడ కళ్ళు తుడుచుకుంది. నేను తుడుచుకోలేదు, చేతికి గ్రీజు ఉంది.

స్టీరింగు గురించి దిగులుపడకు. కొత్త కోడలు నాలుగు రోజులు బిగుసుకునే ఉంటుంది. గేర్లు ఒకదానికొకటి అలవాటు పడాలి, వెయ్యి కిలోమీటర్లు తిరిగితే వెన్నలా అవుతుంది. అయినా పన్నెండు టైర్ల ట్రైలరు తోలినవాడివి, నాలుగు చక్రాల బండి స్టీరింగు గట్టిగా ఉందని నాకు ఉత్తరం రాస్తావా? ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది నీ వరస. పోర్టులో నీ పాత జతగాళ్ళకి చెప్పానంటే నెల్లాళ్ళు నవ్వుతారు.

తిరుమలరావు చేత రెండు డబ్బాలు నూనె పంపిస్తున్నాను.

సింహాద్రి


గోపాలపట్నం
ఆగస్టు 8

బావా,

నువ్వు రాయకుండానే రాస్తున్నాను. ఏం లేదు, ఊరికే.

బండిలో నాలుగు చక్రాలు అవసరమైనప్పుడే వెయ్యి. మట్టి దారి అయిపోగానే తీసెయ్. ఘాట్ రోడ్డు మీద, సిమెంటు మీద అసలు వెయ్యకు. డీజిలు బాగా తాగుతుంది. ఊరికే డీజిలు ఎందుకు తగలేయడం. దసరాకి బండి తీసుకుని దిగు, ఒకసారి సర్వీసు చేస్తాను. కొన్ని సామాన్లు మార్చేవి ఉంటే మారుస్తాను. ముందే వీలైతే ముందే రా.

ఇక్కడ పని తక్కువగా ఉంది. స్టీలు ప్లాంటు లారీలు మునుపటంత రావడం లేదు. తాయారు కులాసా.

డీజిలు సంగతి మర్చిపోకు.

సింహాద్రి


కుంతలగూడ
ఆగస్టు 19

బావా,

నీ ఉత్తరం రోజా చదివి వినిపించింది, ఇద్దరం నవ్వుకున్నాం. నాకు డీజిలు పొదుపు నేర్పే రోజు నీకు వచ్చిందా? నీ షెడ్డులో ఇంజన్లు పొద్దుట్నుంచి ఊరికే తిరుగుతూ ఉంటాయి. కందకి లేని దురద కత్తిపీటకెందుకు బావా.

ఇక్కడ సంగతి వేరు. ఘాట్‌లో వాన పడితే రోడ్డు మీద నాచు, పైనుంచి మట్టి కొట్టుకొస్తుంది. నాలుగూ వేసి ఉంటే నాకు ధైర్యం. స్టీరింగు బిగుసుకుంటోంది నిజమే, నువ్వన్నట్టు అలవాటు పడాలి. బండా నేనా అన్నది తేలాలి. దసరాకి రావడం కుదరకపోవచ్చు, జ్వరాల కాలం. దీపావళి దాటాక చూస్తాను.

గవర్రాజు

అన్నయ్యా, నీకు ఒంట్లో బాగుందా? ఉత్తరంలో ఒక్క వేళాకోళం కూడా లేదు. — రోజా


కుంతలగూడ
సెప్టెంబరు 11

బావా,

బండికి చిన్న దెబ్బ తగిలింది. ఘాట్‌లో మూడో మలుపు దగ్గర కాలవలోకి దిగి కొండకి తగిలింది. భయపడేదేమీ లేదు. ముందు బంపరు, ఎడమ రెక్క పోయాయి. బండిని కేంద్రం వెనక రేకుల షెడ్డులో పెట్టాను. సామాను ఏదీ పంపకు.

తప్పు నాదే. ఆలస్యంగా తిప్పాను.

గవర్రాజు


గోపాలపట్నం
సెప్టెంబరు 18

బావా,

నువ్వు క్షేమం, అది చాలు. రేకు మనం వంచుకోవచ్చు. ఘాట్ అన్నాక ఇలాంటివి మామూలే, ఎవరికైనా జరుగుతాయి. మనసులో పెట్టుకోకు.

ఒకటి అడుగుతాను. అప్పుడు లివరు ఎక్కడ ఉంది? నాలుగులోనా, రెండులోనా? ఊరికే తెలుసుకుందామని.

ఇంకొకటి. ఈసారి నీ ఉత్తరం చివర రోజా ఏమీ రాయలేదు. కాగితం తిప్పి తిప్పి చూశాను. పని మీద ఉందా?

సింహాద్రి


కుంతలగూడ
సెప్టెంబరు 27

సింహాద్రి బావకి,

నీకు అబద్ధం రాశాను. అబద్ధం కూడా కాదు, సగం రాసి సగం మింగాను. ఇవాళ మొత్తం రాస్తాను. చదివాక నన్ను ఏమన్నా పడతాను.

ఆ రోజు రోజా బండిలో ఉంది. పై ఊళ్ళలో టీకాలు వేసి ఘాట్ దిగుతున్నాం, టీకాల పెట్టె ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. మధ్యాహ్నం మూడైంది, జల్లు పడుతోంది. నాలుగూ వేసే ఉన్నాయి. మూడో మలుపు నాకు కొత్త కాదు, వందసార్లు తిప్పాను. ఆ రోజు స్టీరింగు పూర్తిగా తిప్పాను బావా. తిప్పాననే అనుకుంటున్నాను. బండి ముక్కు తిరగలేదు, నేరుగా పోయింది. రోజా పెట్టె పడకుండా కుడిచెయ్యి ముందుకి పెట్టింది. మణికట్టు రెండు చోట్ల విరిగింది.

నీకు తెలియకూడదని విశాఖ తీసుకురాలేదు. అనకాపల్లిలో ఆపరేషను చేయించాను, ప్లేటు వేశారు. కట్టు ఇంకో పదిహేను రోజులు ఉంటుందట. బొటనవేలూ చూపుడువేలూ ముడుచుకోవడం లేదు. నరం తిరిగి పనిచేయవచ్చు, చేయకపోవచ్చు అన్నాడు డాక్టరు. సిరంజి పట్టుకునేది ఆ రెండు వేళ్ళతోనే. కేంద్రంలో టీకాలు వేయడానికి వారానికోసారి కింద నుంచి వేరే అమ్మాయి వస్తోంది. రోజా పక్కన నిలబడి పిల్లల పేర్లు చెబుతుంది.

నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పై ఊళ్ళవాళ్ళూ అనలేదు, కానీ మొన్న ఒక జ్వరం మనిషిని డోలీలోనే దింపారు, నన్ను పిలవలేదు. నేనూ వెళ్ళలేదు. స్టీరింగు ముందు కూర్చుని, తాళం తిప్పకుండానే దిగి వచ్చేస్తున్నాను. జూలై నుంచి బండి నాకు చెబుతూనే ఉంది, నేను తిప్పలేకపోతున్నానని. నువ్వు సరదాకి రాసినా నిజమే రాశావు. మద్దెల బాగానే ఉంది. నా చేతులు ముసలివైపోయాయి. లైసెన్సు తీసి పెట్టెలో పెట్టేశాను, ఇంక తోలను. బండి ఎవరికైనా ఇచ్చెయ్.

నీ చెల్లెల్ని నాకు అప్పగించేటప్పుడు నువ్వు నా రెండు చేతులూ పట్టుకున్నావు. నన్ను క్షమించమని ఏ ముఖంతో అడగను? అయినా అడుగుతున్నాను.

గవర్రాజు


గోపాలపట్నం
అక్టోబరు 3

బావా,

నీ ఉత్తరం మూడు రోజుల కిందటే వచ్చింది. మూడు రోజులూ నేను ఏం చేశానో ముందు చెబుతాను. ఊరుకున్నాను. నువ్వే తప్పంతా నెత్తిన వేసుకున్నావు, నేను ఒక్క మాటతో 'పోనీలే బావా, జరిగిందేదో జరిగింది' అని రాసేస్తే ఇంక ఎవరికీ ఏమీ తెలియదు. అలా రాశాను కూడా. ఆ కాగితం ఇక్కడే ఉంది. నిన్న దసరా, షెడ్డులో పనిముట్లకి తాయారు బొట్లు పెడుతూ చుట్ల లెక్కకి గీతలు గీసే సుద్దముక్కకి కూడా పెట్టింది. చూడలేక బయటికి వచ్చేశాను. ఆవిడ వెనకే వచ్చి ఏమైందని అడిగింది. చెప్పాను. "నాకు సెప్పేవు గదా, ఇప్పుడు ఆలకి సెప్పు" అని లోపలికి పోయింది.

బావా, నీ చేతులు బాగున్నాయి. నువ్వు సరిగ్గానే తిప్పావు. నీ బండికి నేను వేసిన ముందు యాక్సిల్ తప్పు.

వెనక యాక్సిల్‌కి చక్రం పది చుట్లు తిరిగితే షాఫ్టు నలభై ఒక్క చుట్లు. నేను పెట్టిన ముందుదానికి నలభై మూడు. నాలుగూ వేసినప్పుడు వెనక చక్రాలు తోస్తుంటే ముందు చక్రాలు అంత వేగంగా తిరగలేవు, ఈడ్చుకుంటాయి. బురదలో టైరు జారి ఆ తేడా సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీద సర్దుకోదు. మలుపులో ముక్కు తిరగకుండా నేరుగా పోతుంది. నువ్వు జూలైలో రాసిన ప్రతి మాటా సరిగ్గా అదే.

పది చుట్లు లెక్కపెట్టాలని నీకు గొప్పగా రాసినవాణ్ణి, లెక్కపెట్టలేదు. పగిలిన దానికి పది చుట్లూ తిప్పాను. రెండోది బిగించేసరికి ఇరవై రెండో తారీకు సాయంత్రం అయింది. పొద్దున్న పదింపావుకి గుడి దగ్గర ఉండాలి. ఒక్క చుట్టు తిప్పాను. షాఫ్టు నాలుగు చుట్లూ పైన కాస్త. వెనకది కూడా నాలుగూ పైన కాస్తే. ఆ కాస్తలోనే అంతా ఉంది. ఒక్క చుట్టులో అది కంటికి ఆనదు, పది చుట్లలో రెండు చుట్ల తేడా అవుతుంది. మేస్త్రి అందుకే కొట్టేవాడు. ఆషాఢం తగలకుండా బండి బయటపడాలని అమావాస్య లోపు పూజ చేయించాను. పంతులు నిమ్మకాయలు పెడుతుంటే నా మనసు ఒకసారి లాగింది. ముహూర్తం దాటిపోతుందని ఊరుకున్నాను.

అది మొదటి తప్పు. రెండోది ఇంకా పెద్దది. నీ జూలై ఉత్తరానికి వెక్కిరించి జవాబు రాశాను గానీ మనసు ఒప్పలేదు. ఆటోనగర్‌లో అదే లాటు యాక్సిల్ ఇంకొకటి ఉంటే జూలై ఆఖరులో వెళ్ళి పది చుట్లు తిప్పాను. నలభై మూడు వచ్చింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ అంతే. ఆ రోజే నేను బస్సెక్కి కొండకి రావలసింది. తేలు కుట్టిన దొంగలా ఇంటికి వచ్చాను. సరైనది వెతికి, దసరాకి నిన్ను పిలిచి, సర్వీసు పేరుతో నీకు తెలియకుండా మార్చేద్దామనుకున్నాను. సింహాద్రి తప్పు చేశాడని నీ నోట రాకూడదని. అందుకే డీజిలు అని రాశాను. నాకు డీజిలుతో ఏం పని బావా? నిజం రాసి ఉంటే నువ్వు ఆ లివరు ముట్టుకునేవాడివి కాదు. నీ సంగతి నాకు తెలియదా? నువ్వు డీజిలు మాట కొట్టిపారేస్తూ రాసిన ఉత్తరం క్యాలెండరు కింద పెట్టుకుని ఇరవై రోజులు చూశాను, రేపు రాద్దాం, రేపు రాద్దాం అని.

సరైన యాక్సిల్ ఇప్పుడు నా దగ్గర ఉంది. రమ్మంటే వస్తాను. పోలీసు స్టేషనుకి వెళ్ళి చెప్పమంటే చెబుతాను. నీ లైసెన్సు పెట్టెలోంచి తియ్యి. రోజాకి నేను ఏం రాయాలో తెలియడం లేదు. నువ్వే చెప్పు.

సింహాద్రి


కుంతలగూడ
అక్టోబరు 14

అన్నయ్యా,

ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు వంకరగా ఉంటాయి. మీ బావ తాను రాస్తానన్నారు, నేనే రాస్తానని కాగితం లాక్కున్నాను.

నీ ఉత్తరం ఆయన గుమ్మంలో నిలబడి చదివారు. చదివి నా చేతికిచ్చి, షెడ్డులోకి వెళ్ళి బండిలో కూర్చున్నారు. ఎంతకీ రాకపోతే వెళ్ళాను. స్టీరింగు మీద తల పెట్టి ఏడుస్తున్నారు. నన్ను చూసి, "నాను తిప్పేనే రోజా. నాను సరిగ్గానే తిప్పేను" అన్నారు. నెల రోజుల తర్వాత ఆ మనిషి ముఖంలో వెలుగు చూశాను. నీ మీద కోపం లేదా అని అడిగాను. మనిషన్నాక లెక్క తప్పుతాడు, చెప్పాడు కదా, అంతే చాలు అన్నారు. ఆ సాయంత్రమే లైసెన్సు తీసి జేబులో పెట్టుకున్నారు. పోలీసుల మాట ఎత్తొద్దని రాయమన్నారు. ఆయన తరఫున రాయవలసింది ఇంతే. ఇకపైది నాది.

లెక్క తప్పినందుకు నాకూ కోపం లేదు. నేనూ ఒకసారి ఇద్దరు పిల్లల చీట్లు తారుమారు చేశాను, వెంటనే పరుగెత్తి సరిచేశాను. నా కోపం ఆగస్టు ఉత్తరం మీద. దాన్ని చదివింది నేను. మా అన్నయ్యకి డీజిలు మీద ప్రేమ పుట్టిందని నవ్వింది నేను. ఆ రోజు మట్టి దారి అయిపోయి ఘాట్‌లోకి దిగగానే మీ బావ లివరు వెనక్కి లాగారు. నువ్వు రాశావు కదా, ఊరికే వెయ్యొద్దని. ఆయన నీ మాట విన్నారు. "వాన పడతంది, మా అన్నయ్య డీజిలు గొడవకేటి గానీ, నాలుగూ ఎయ్యండి" అన్నది నేను. ఆ మాట ఇంతవరకూ నేనూ మీ బావా ఒకరితో ఒకరం అనుకోలేదు. ఆయన నీకు కూడా రాయలేదు, నా మీదకి రాకూడదని. బండిని కొండకి కొట్టించింది నా నోరే అన్నయ్యా. నాకు నిజం తెలిసి ఉంటే ఆ నోరు లేచేది కాదు.

కట్టు నిన్న విప్పారు. చూపుడువేలు కొంచెం కదిలింది. బొటనవేలు కదల్లేదు. పొద్దుటి నుంచి ఖాళీ సిరంజి పట్టుకోవడానికి చూస్తున్నాను, జారిపోతోంది. మొన్న ఒక పిల్ల కింద నుంచి వచ్చే అమ్మాయి దగ్గర చెయ్యి చాపకుండా నా కొంగు పట్టుకుని ఏడ్చింది.

మీ బావ నిన్ను రమ్మంటున్నారు. రా. శుక్రవారం బస్సుకి యాక్సిల్ వేసుకుని వస్తే ఇద్దరూ కలిసి మార్చుకోండి. అన్నం ఆయన వండుతారు, చేపల పులుసు బాగానే పెడుతున్నారు ఇప్పుడు. పని అయ్యాక పై ఊరి దాకా తోలి చూపిస్తారట నీకు. నేను పొద్దున్నే కేంద్రానికి వెళ్ళిపోతాను. నన్ను చూడటానికి అక్కడికి రాకు. వస్తే నిన్ను తిట్టాలో, నీ ముందు ఏడవాలో నాకే తెలియదు, రెండూ నాకు ఇష్టం లేదు. కోపం తగ్గాక నేనే రాస్తాను. ఎప్పటికో చెప్పలేను.

నీ తిరుగు బస్సు నాలుగున్నరకి. నేను ఐదింటికి ఇంటికి వస్తాను.

రోజారమణి